చిల్లులకు కూడా బరువు రాసి పంపాం

సరుకు క్షేమంగా చేరిందన్న కబురు వచ్చి వారం కూడా కాలేదు, ట్రక్కు కంపెనీ నుంచి సవరించిన బిల్లు వచ్చింది. అమెరికాలో ఓడరేవు గోడౌన్ నుంచి సైటు దాకా మా రెండు క్రేట్లను, అంటే చెక్కపెట్టెలను, మోసుకెళ్లింది వాళ్లే. మధ్యలో తమ టెర్మినల్లో వాటిని మళ్లీ తూచి, మళ్లీ కొలిచి, మేం రాసిచ్చిన ఫ్రైట్ క్లాసు (రవాణా రేటును నిర్ణయించే అంకె) 92.5ని కొట్టేసి 125 వేశారు. మా కాగితంలో రెండు క్రేట్ల మొత్తం బరువు 933 కిలోలు. వాళ్ల తూకంలో 720. బరువు తగ్గితే బిల్లు పెరగడమేమిటని ఆఫీసులో అందరూ నావైపు చూశారు. ప్యాకింగ్ లిస్టు రాసింది నేనే.

తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. మేం పంపింది 40 పర్ఫొరేటెడ్, అంటే చిల్లులు కొట్టిన, ప్యానెళ్లు. భవనం ముందు గోడకు తొడిగేవి. 3 మి.మీ. అల్యూమినియం రేకు, ముఖం 1000 × 2000 మి.మీ., పొడవు వైపు అంచులు రెండూ 50 మి.మీ. మేర వెనక్కి మడిచినవి. ముఖం నిండా 5 మి.మీ. చిల్లులు, ఒక చిల్లు నడిమి నుంచి పక్క చిల్లు నడిమికి 8 మి.మీ. చుట్టూ 25 మి.మీ. ఖాళీ అంచు. నేను బరువు ఎక్కడినుంచి తీసుకున్నానంటే, డ్రాయింగ్ ఫైల్లో ఉన్న మెటీరియల్ పట్టిక నుంచి. ఆ పట్టిక కొనుగోలు విభాగం కోసం తయారైంది. రేకు ఎంత కొనాలో అందులో ఉంటుంది: మడతలు విప్పితే 1100 × 2000 మి.మీ. ముక్క, 17.8 కిలోలు. చిల్లులు కొట్టాక అందులో ఎంత మిగులుతుందో దానికి అక్కర్లేదు. నాకు కావలసింది అదే, నేను చూడనిదీ అదే.

ఆ రోజు సాయంత్రం పంచింగ్ మిషన్ దగ్గరికి వెళ్లాను. మిషన్ కింద ఇనుప డబ్బాలో చిల్లుల ముక్కలు ఉంటాయి, చొక్కా గుండీల కన్నా చిన్న అల్యూమినియం బిళ్లలు, నూనెతో తడిసి. గుప్పెడు తీసుకుంటే బరువుగా అనిపించింది. ఒక్కో ప్యానెల్లో దాదాపు 33 వేల చిల్లులు. ఒక్కో ప్యానెల్ నుంచి రాలినది 5 కిలోల పైచిలుకు. 40 ప్యానెళ్లకు 213 కిలోలు. 933లోంచి 720 తీసేస్తే వచ్చేది అంతే. ఓడ ఎక్కించానని నేను రాసిన ఆ 213 కిలోలు మా షాపు దాటి వెళ్లనే లేదు, ఆ డబ్బాలోంచి స్క్రాపుకు పోయాయి.

లెక్క కూడా పెద్ద కష్టమైనదేమీ కాదు. గుండ్రటి చిల్లులు జిగ్‌జాగ్ వరసలో, మూడు పక్కపక్క చిల్లుల కేంద్రాలు కలిపితే సమబాహు త్రిభుజం వచ్చేలా ఉంటే, చిల్లు వ్యాసం వర్గాన్ని పిచ్ (పక్కపక్క చిల్లుల నడిమి దూరం) వర్గంతో భాగించి 90.69తో గుణించాలి. వచ్చేదే ఖాళీ శాతం. మాది 25ను 64తో భాగించి గుణిస్తే 35.4 శాతం. నిలువు, అడ్డం వరసలు సూటిగా ఉంటే 90.69 బదులు 78.54. అయితే ఈ శాతాన్ని మొత్తం రేకుకు పట్టించకూడదు. అంచులూ మడతలూ నిండుగానే ఉంటాయి కాబట్టి చిల్లులున్న భాగానికే పట్టించాలి. అలా చేస్తే మా ప్యానెల్ 12.5 కిలోలకు వచ్చింది. తర్వాత కాటా మీద పెట్టి చూస్తే అదే.

మరి ఓడ ఎక్కేటప్పుడు ఈ తప్పు ఎందుకు బయటపడలేదు? ఇది నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. కంటెయినర్ నిండని సరుకును సముద్రం మీద పంపేటప్పుడు సరుకు ఎన్ని ఘనపు మీటర్లు, ఎన్ని టన్నులు అన్న రెండు అంకెల్లో ఏది ఎక్కువైతే దాని మీద చార్జీ పడుతుంది. మా రెండు క్రేట్లు కలిపి 5.75 ఘనపు మీటర్లు. బరువు 0.93 టన్నులైనా, 0.72 టన్నులైనా చార్జీ 5.75 మీదే. అక్కడ బరువు తప్పు పరిమాణం నీడలో దాక్కుంది. 2016 జులై 1 నుంచి నిండిన ప్రతి కంటెయినర్‌కూ ధ్రువీకరించిన స్థూల బరువు ఇవ్వాలన్న నియమం ఉంది. కంటెయినర్‌ను తూకం వంతెన మీద తూచకుండా లోపలి సరుకుల బరువులు కూడి లెక్కగడితే, నా తప్పుడు అంకె అందులోనూ కలిసి ఉండేది. ఇది తలచుకుంటే మాత్రం నాకిప్పటికీ గుండె గుబేలంటుంది. ఓడలో కంటెయినర్లను ఏది కింద, ఏది పైన అని పేర్చేది ఆ అంకెలు చూసే కదా.

అమెరికా రోడ్డు రవాణాలో పద్ధతి వేరు. అక్కడ పలువురి సరుకు ఒకే ట్రక్కులో వెళ్లే రవాణాకు 50 నుంచి 500 దాకా 18 క్లాసులున్నాయి. సాంద్రత, పేర్చడానికి వీలు, ఎత్తిదించడంలో ఇబ్బంది, పాడైతే వచ్చే బాధ్యత, ఈ నాలుగూ చూస్తారు. వాటిలో పెద్దపీట సాంద్రతదే. 2025 జులై 19 నుంచి సాంద్రత మెట్లను 13కు పెంచి, చాలా సరుకులను ఆ కొలమానం కిందికే తెచ్చారు. సాంద్రత తగ్గినకొద్దీ క్లాసు పెరుగుతుంది, క్లాసు పెరిగితే రేటు పెరుగుతుంది. తేలికైన సరుకు ట్రక్కులో ఎక్కువ చోటు తినేస్తుంది కాబట్టి అది న్యాయమే. నేను రాసిన బరువుతో మా సాంద్రత ఘనపుటడుగుకు 10 పౌండ్లు దాటింది, క్లాసు 92.5. అసలు బరువుతో 7.8 పౌండ్లు. 6కూ 8కీ మధ్య ఉంటే క్లాసు 125. వాళ్లు వేసింది సరిగ్గా అదే. వాదించడానికి నాకు ఒక్క మాట కూడా మిగల్లేదు.

బిల్లుతోపాటు ఫొటోలు కూడా వచ్చాయి. నన్ను ఎక్కువ బాధపెట్టినవి అవే.

ఏడు ప్యానెళ్ల ముఖం మీద, తెల్లటి పౌడర్ కోటింగ్ మీద, సన్నటి బూడిదరంగు ఉంగరాలు. ఒకటీ రెండూ కాదు, వరసలు వరసలుగా, పక్క ప్యానెల్ చిల్లులు అచ్చుపడినట్టు. దగ్గర్నుంచి తీసిన ఫొటోలో కొన్ని ఉంగరాల నడుమ పూత లేచిపోయి లోహం మెరుస్తోంది. ఆ ఫొటోను మా వడ్రంగి బాబాయికి చూపించాను. క్రేట్లు కట్టేది ఆయనే. ఆయన ఏమీ అనకుండా షాపులోంచి ఒక ప్యానెల్ తెచ్చి, నా వేలు పట్టుకుని ముఖం వైపు చిల్లు అంచు మీద మెల్లగా రాయించాడు. గరగరలాడింది. "ఇటు నుంచి పంచి దిగితే అటు బర్, అదే లోహపు ముల్లు, లేస్తుందమ్మా. పైన కోటింగ్ వేశారు కదా, కంటికి కనపడదు. చేతికి తెలుస్తుంది. ఇట్లాంటి ముళ్లు 33 వేలు. వీటి మీద ఇంకో ప్యానెల్ ముఖం పెట్టి నెల రోజులు ఊపితే ఏమవుతుంది?"

మేం మధ్యలో పెట్టింది పలచటి ఫోమ్ షీటు, ఒక మి.మీ. మందం. నిండు రేకుకు అది చాలు, ఎన్నో ఏళ్లుగా చాలుతూనే ఉంది. బరువు మొత్తం ఉపరితలం మీద పరుచుకుంటుంది కాబట్టి. చిల్లుల రేకులో అలా కాదు. బరువంతా బర్ అంచుల మీద నిలుస్తుంది. ప్రయాణంలో కుదుపుకు ఫోమ్ ఆ అంచుల దగ్గర కోసుకుపోయి, చిల్లుల్లోకి దిగిపోయి, లోహానికి పూత తగిలింది. పూత లేని అల్యూమినియం రేకుల్ని ఇలా పంపితే ఇంకో రకం మచ్చ వస్తుంది: ఒకదానికొకటి రాసుకున్న చోట నల్లటి పొడి తేలి, తుడిచినా పోని మరక. మూలకారణం ఒకటే, పొరల మధ్య కదలిక.

రెండో ఆర్డర్ అదే కొలతల్లో, అదే సంఖ్యలో వచ్చింది. ఈసారి నేను డిస్పాచ్ టేబుల్ దగ్గర కాకుండా పంచింగ్ దగ్గరే మొదలుపెట్టాను. బర్ ఎటు లేస్తుందో డ్రాయింగ్ మీద రాయించాం, ఎప్పుడూ కనపడని వెనక వైపుకే రావాలని. కోటింగ్‌కు ముందు బర్ తీసే మిషన్ గుండా పంపమన్నాం. చిల్లుల్లో చిక్కుకున్న పంచింగ్ నూనె బాగా కడిగాక ఆరబెట్టి, తెల్లగుడ్డ అద్ది చూశాం. నిండు రేకు మీద నూనె తుడిస్తే పోతుంది. చిల్లుల రేకులో చిల్లు గోడకు పట్టుకుని ఉండి, క్రేటులో వేడికి మెల్లగా జారి, మధ్య కాగితాన్ని తడుపుతుంది.

ఇక పేర్చడం. మొదటిసారి ప్యానెళ్లను ముఖానికి ముఖం ఎదురుగా వచ్చేలా ఒకదాని మీద ఒకటి పెట్టాం. ఒక్కోటి 50 మి.మీ. ఎత్తు తీసుకుంటే 40కి రెండు మీటర్లు. అందుకే రెండు క్రేట్లు, ఒక్కోటి 1210 మి.మీ. ఎత్తు. వాటిలో సగానికి పైగా గాలే. బాబాయి ఒక ప్యానెల్‌ను వెల్లకిలా పెట్టి, ఇంకోదాన్ని బోర్లా తిప్పి, కొంచెం పక్కకు జరిపి దించాడు. పై దాని ఒక మడత కింది దాని లోపలికి, రెండో మడత బయటికి. రెండు దోసిళ్లు ఒకదాన్లో ఒకటి ఇమిడినట్టు కూర్చున్నాయి. జత ఎత్తు 53 మి.మీ. మడతలు రెండు వైపులే ఉండబట్టి ఇది కుదిరింది. జత లోపల మడత కొనలు ఎదుటి ప్యానెల్ లోపలి ముఖానికి తగిలేచోట మెత్తటి పట్టీ, జతకూ జతకూ మధ్య గట్టి ఫోమ్ పట్టీలు. పట్టీలను వీలైనంతవరకు చిల్లుల మీద వేయకుండా 25 మి.మీ. ఖాళీ అంచు మీదా, అడ్డంగా అరమీటరుకు ఒకచోటా వేశాం. అడ్డం పట్టీలు తప్పనిసరి. చిల్లులు కొట్టాక రేకు బిగువు తగ్గుతుంది, నడుమ ఆసరా లేకపోతే తన బరువుకే వంగుతుంది. ఈ అడ్డం పట్టీలకు మాత్రం మూడు మి.మీ. మందం, చిల్లుల్లోకి దిగని గట్టి రకం తీసుకున్నాం, పైన పలచటి ప్లాస్టిక్ షీటు చుట్టి.

20 జతలు, పట్టీలతో కలిపి 1160 మి.మీ. అడుగు చట్రం, మూత కలిపి ఒకే క్రేటు, 1310 మి.మీ. ఎత్తు. పొడవు వెడల్పులు అవే 2120, 1120. పరిమాణం 5.75 నుంచి 3.11 ఘనపు మీటర్లకు దిగింది. ఫోర్క్‌లిఫ్ట్ కాటా మీద నేనే నిలబడి తూయించాను: 625 కిలోలు. ఘనపుటడుగుకు 12.5 పౌండ్లు. క్లాసు 85. ప్యానెళ్లలో గ్రాము తేడా లేదు, లోహం అదే, చిల్లులు అవే. 125 కాస్తా 85 అయింది. క్లాసు అనేది సరుకుకు పుట్టుకతో వచ్చే అంకె అనుకునేదాన్ని. సగం దాన్ని నిర్ణయించేది బాబాయి చేతిలో ఉన్న టేపే.

స్ట్రాపు విషయంలో ఒక మాట. మొదట్లో మేం ప్యానెళ్ల దొంతరనే బిగించి కట్టేవాళ్లం. దాంతో పై రెండు మూడు ప్యానెళ్ల అంచులు లోపలికి నొక్కుకుపోయేవి. చిల్లుల వరస అంచు దాకా వచ్చి సగంలో తెగిన ప్యానెళ్లయితే మరీ. ఆ అంచు రంపం పళ్లలా ఉంటుంది, నిలబెట్టినా నొక్కినా పళ్లు వంగుతాయి. ఇప్పుడు స్ట్రాపు చెక్క మీదే పడుతుంది. ప్యానెళ్లను నాలుగు పక్కలా చెక్క దిమ్మెలు ఒరుసుకుని ఆపుతాయి, పైన అడ్డచెక్కలు దించి స్క్రూలు బిగిస్తాం. ఫోమ్ ఒక రాత్రికి కొంత కుంగుతుంది కాబట్టి మర్నాడు పొద్దున మళ్లీ బిగించాకే మూత వేస్తాం.

క్రేటు కట్టడం దాదాపు అయిపోయాక ఒక గండం వచ్చింది. దిగుమతి దేశాలు చెక్క ప్యాకింగ్‌కు ఐఎస్‌పీఎం 15 నియమం అడుగుతాయి, చెక్కలో దాగి పురుగులు దేశం దాటకుండా చూసే అంతర్జాతీయ నియమం అది. వేడి పద్ధతిలోనైతే చెక్క నడిగర్భం దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం 30 నిమిషాలు ఆగకుండా తగలాలి, గోధుమ వెన్ను గుర్తుతో ముద్ర ఉండాలి. మా చట్రానికి ముద్ర ఉంది. ఆఖరి గంటలో ఒక అడ్డచెక్క పొట్టిగా వచ్చిందని కుర్రాడు మూలనున్న పాత ముక్క తీసి కొట్టేశాడు. మూత వేసే ముందు నేను ఫొటోలు తీస్తుంటే కెమెరాలో అది కొంచెం ముదురురంగులో కనిపించింది. ముద్ర లేదు. ఆ ఒక్క ముక్కతో క్రేటు మొత్తాన్ని రేవులో ఆపేయొచ్చు. విప్పదీసి మార్చాం. ప్లైవుడ్‌కు ఈ నియమం వర్తించదు కాబట్టి పక్కలకూ మూతకూ ప్లైవుడ్డే వాడుతున్నాం, చట్రానికి మాత్రమే ముద్ర చెక్క.

ముద్ర ఉన్న చెక్క ఆరిన చెక్క అని నేను చాలాకాలం పొరబడ్డాను. వేడి తగిలింది పురుగుల కోసం. లోపల తేమ ఎంత మిగిలిందో ఆ ముద్ర చెప్పదు. పచ్చి చెక్కను ప్లాస్టిక్ షీటు లోపల సరుకుతో కలిపి మూసేస్తే, కంటెయినర్ పగలు వేడెక్కి రాత్రి చల్లబడ్డప్పుడల్లా ఆ తేమ లోహం మీద చెమటలా పడుతుంది. చిల్లుల ప్యానెల్ దొంతరలో గాలి ఇటునుంచి అటు ఆడుతుంది, కాబట్టి ఆ చెమట పై ప్యానెల్‌తో ఆగదు, అట్టడుగు దాకా వెళుతుంది. ఇంతకుముందు ఒక జీఐ ఆర్డర్లో ఇది కళ్లారా చూశాను. ముందే జింక్ పూత ఉన్న రేకుకు తర్వాత చిల్లులు కొట్టారు. ముఖాల మీద తెల్లటి పొడి, జింక్‌కు తడి తగిలితే వచ్చే తెల్ల తుప్పు. చిల్లుల లోపలి గోడల మీద మాత్రం ఎర్రటి గీత, ఎందుకంటే పంచి కోసిన చోట జింక్ లేదు, ఒట్టి ఉక్కే. అప్పటినుంచి ప్లాస్టిక్ షీటు చెక్కకు లోపల, చెక్క తగలకుండా, సరుకు చుట్టూ మాత్రమే వస్తుంది. తేమ పీల్చే సంచులు దాని లోపల వేలాడతాయి, ప్యానెల్‌కు తగలవు.

ఇక కస్టమ్స్ వర్గీకరణ. మొదటి ఇన్‌వాయిస్‌లో 'చిల్లుల అల్యూమినియం షీట్లు' అని రాసి 7606 కోడు వేశాను, అంటే కస్టమ్స్ పట్టికలో అల్యూమినియం రేకుల శీర్షిక. రేకులకు సంబంధించిన నియమంలో చిల్లులు కొట్టినా, ముడతలు వేసినా, పాలిష్ పట్టినా, పూత పూసినా అవి అదే శీర్షికలో ఉంటాయని ఉంది. అందుకే ధైర్యంగా వేశాను. ఆ వాక్యం చివర్లో ఒక షరతు ఉంది: ఆ పనుల వల్ల అది వేరే శీర్షికకు చెందిన వస్తువు లక్షణం పొందకపోతేనే. రెండో ఆర్డర్ అప్పుడు కస్టమ్స్ బ్రోకర్ ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న, "మేడమ్, మడతలున్నాయా? బిగించడానికి బోల్టు చిల్లులున్నాయా?" ఉన్నాయి. మడిచి, కోణాలు తీసి, ఫలానా గోడకు ఫలానా చోట బిగించేలా నంబరు వేసి పంపుతున్నాం. అప్పుడది నిర్మాణాల్లో వాడేందుకు సిద్ధం చేసిన భాగం, 7610 వైపు చూడాలి. ఉక్కుకైతే అదే వరసలో 7308. చదును రేకుగా, కొనేవాళ్లు తమకు నచ్చినట్టు కోసుకునేలా పంపితే 7606 నిలబడుతుంది. కోసి లాగి సాగదీసిన జాలీ రేకు, అంటే ఎక్స్‌పాండెడ్ మెటల్, ఉక్కుదైతే 7314 కిందికి వెళుతుంది. చూడ్డానికి దూరం నుంచి మనదానిలాగే ఉంటుంది. తయారీలో తేడా ఏమిటంటే దాన్లో లోహం రాలిపోదు, మనదాన్లో డబ్బా నిండుతుంది. ఈ కోడ్లలో మొదటి ఆరంకెలు దాదాపు ప్రపంచమంతా ఒకటే, ఆ తర్వాతివి దేశాన్ని బట్టి మారతాయి. చివరి మాట దిగుమతి చేసుకునే దేశపు కస్టమ్స్‌దే. నేను చేయగలిగింది వస్తువును ఉన్నదున్నట్టు వర్ణించడం. ఇప్పుడు ఇన్‌వాయిస్‌లో లోహం, మందం, చిల్లు కొలత, మడతలు, పూత, దేనికి బిగిస్తారు అన్నవన్నీ ఒకే వాక్యంలో రాస్తాను. డ్రాయింగ్, ఫొటో జతచేస్తాను.

రెండో క్రేటు చేరాక టెర్మినల్ తూకం చీటీ తెప్పించుకున్నాను. 625కి వాళ్లది 627. క్లాసు 85 అలాగే ఉంచారు. సైటు నుంచి వచ్చిన ఫొటోల్ని నేనూ బాబాయీ పెద్ద స్క్రీన్ మీద ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశాం. ఉంగరాల్లేవు. ఒక జతలో మడత కొన తగిలినచోట వేలెడు గీత ఉంది, పట్టీ జారినట్టుంది. "దాన్ని అతికించాల్సిందమ్మా, ఒట్టిగా పెట్టాను" అన్నాడాయన.

ఇప్పుడు టేబుల్ మీద ఉన్న ఆర్డర్లో ప్యానెళ్లకు నాలుగు వైపులా మడతలున్నాయి. అవి జతగా ఒదగవు, మూలల దగ్గర తన్నుకుంటాయి. మడత 50 మి.మీ. ఎందుకని డ్రాయింగ్ వాళ్లను అడిగాను. బిగించే క్లిప్పు లోపల పట్టాలని అన్నారు. క్లిప్పును సైటులో విడిగా తొడిగేలా చేస్తే 30 చాలంటున్నారు. 30 అయితే ఎత్తు ఎంత, క్లాసు ఎంత అని రెండు నిలువు వరసలు వేసి పంపాను. నమూనా ప్యానెల్ ఒకటి ఈ వారం చివర్లో పంచింగ్ నుంచి వస్తుంది. తూచాకే మూడో వరస నింపుతాను.